వితండవాదం అంటే అది కాదండీ బాబూ!

[స్టవ్ మీద గిన్నె. పప్పు కుతకుతలాడుతోంది.]

ఈ కందిపప్పు పొయ్యెక్కి యాభై నిమిషాలైంది. ఇదిగో, వేళ్ళ మధ్య నొక్కితే ఇంకా బద్దలాగే ఉంది. కుక్కర్ గాస్కెట్ పోయింది, అందుకే గిన్నె. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో నలుగురం ఉంటాం. మొన్న ఆదివారం ఈ పప్పు దగ్గరే గొడవ మొదలైంది.

గుంటూరోడు, "బెంగళూరు ఎత్తులో ఉంది రా, ఇక్కడ నీళ్ళు సరిగ్గా కాగవు" అన్నాడు. కర్నూలోడు, "ఎత్తూ లేదు గిత్తూ లేదు, అంతా ఈ ట్యాంకర్ నీళ్ళ మహిమ" అన్నాడు. మధ్యలో నేనేదో అడగబోతే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు: "వితండవాదం చెయ్యకు!"

నా చిరాకంతా ఇక్కడే. మనతో మాట కలవని ప్రతివాడిదీ వితండవాదమే మనకి. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథం, గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో దానికి కచ్చితమైన అర్థముంది. నిజమేంటో తేల్చుకోవడానికి కూర్చుంటే వాదం. ఎలాగైనా గెలవాలని దిగితే జల్పం. తనదంటూ ఒక్క మాటా నిలబెట్టకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనైతే, అదీ వితండ. గట్టిగా అరిచినంత మాత్రాన కాదు, మొండికేసినా కాదు.

సరే, పప్పు దగ్గరికి రండి. మావాళ్ళు ఎంత అరుచుకున్నా ఇద్దరికీ చెరో పక్షముంది, రెండూ పరీక్షకి నిలిచేవే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట పెంచితే ఆవిరి పోతుంది తప్ప వేడి పెరగదు. చెన్నైలో అయితే 100.

థర్మామీటర్ ముంచాం. 97. కర్నూలోడు ఒప్పుకున్నాడా? "నీ థర్మామీటరే తప్పు" అన్నాడు. చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు. నాకైతే ముచ్చటేసింది, ఎందుకంటే ఆ అనుమానాన్నీ తేల్చొచ్చు. కరుగుతున్న ఐసులో పెట్టాం, సున్నా చూపించింది. "సరేలే" అన్నాడు.

ఇప్పుడు వాడి వంతు. ట్యాంకర్లో వచ్చే బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గింజలోని పెక్టిన్‌ని, అంటే కణాల్ని జిగురులా అతికించి ఉంచే పదార్థాన్ని, పట్టుకుని మెత్తబడనివ్వవు. రెండు గిన్నెలు, ఒకే డబ్బాలో పప్పు, ఒకదాంట్లో క్యాన్ నీళ్ళు, ఇంకోదాంట్లో ట్యాంకర్ నీళ్ళు. క్యాన్ నీళ్ళదే ముందు ఉడికింది. గుంటూరోడి మొహం చూడాలి! ఇద్దరూ గంటసేపు తిట్టుకున్నారు, ఇద్దరిదీ నిజమే.

అందుకే ఇప్పుడు నేను వాదన మొదలెట్టే ముందే అడిగేస్తున్నా: "ఏం చూపిస్తే నీ మాట వెనక్కి తీసుకుంటావ్?" ఐసు ముక్కలు చూపించమంటే కూర్చుంటా. "ఏం చూపించినా తీసుకోను" అంటే దండం పెట్టి వచ్చేస్తా.

ఇక అసలు వితండ. మా నాలుగోవాడు. మంచం దిగకుండానే, "97 అని నీకెలా తెలుసు? ఐసు సున్నా అని ఎవడన్నాడు?" "మరి నువ్వేమంటావ్ రా?" "నేనేమీ అనట్లేదు, అడుగుతున్నానంతే." ఇదీ, ఆణిముత్యం లాంటి వితండ! అలాగని వితండని తీసిపారెయ్యకండి. మన శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధం ఉంది కదా, ఆ మూలం రాసిన శ్రీహర్షుడే ఖండనఖండఖాద్యం అనే తన తర్కగ్రంథంలో ఈ పద్ధతితో పెద్ద పెద్ద తార్కికుల లెక్కలు తారుమారు చేశాడు. మావాడు శ్రీహర్షుడు కాదు. వాడికి లేచి గిన్నె చూసే ఓపిక లేదు, అంతే.

టైమైపోతోంది, మిగతావి గబగబా. ఇక్కడి సాంబార్లో బెల్లం: వాదించకండి, నచ్చకపోతే రసం పోసుకోండి. "చింతపండు వెయ్యకపోతే అది పప్పేనా?": అది పేరు మీద గొడవ, పప్పంటే ఏంటో ముందు ఒప్పుకుంటే సగం ఎగిరిపోతుంది. గాస్కెట్ ఎవరు తేవాలి: దీనిమీద మాత్రం వాదించాల్సిందే, తేలకపోతే రేపూ ఇదే పప్పు. గాస్కెట్ పడితే కుక్కర్లో వేడి 120 దగ్గరికి పోతుంది, ఎత్తు గొడవే ఉండదు. మూడు వారాలైంది, ఇంకా తేలలేదు.

నాలుగోవాడు మంచం మీంచే అడుగుతున్నాడు, "అసలు గాస్కెట్ పోయిందని మీకెవరు చెప్పారు?"