జిల్లేడు కొట్టేసి సీతాకోకలు రావాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. కాలనీలో సీతాకోకచిలుకల కోసం తోట వేస్తున్నామని నన్ను పిలిచారు, చాలా సంతోషం. అయితే ఆ తోట కోసమే పక్కనున్న ఖాళీ స్థలంలో జిల్లేళ్ళన్నీ తీసేయబోతున్నారట. దయచేసి ఆపండి. ఎందుకో చెప్తాను.

ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకను మీరంతా చూసే ఉంటారు. నారింజ రెక్కలు, ముందు రెక్కల కొసన నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. బీళ్ళలో, చేలగట్ల మీద, గడ్డి చామంతి పూలున్న చోటల్లా నేలకు దగ్గరగా తాపీగా తిరుగుతుంటుంది. తేనెకి దానికి ఏ పువ్వయినా ఫర్వాలేదు. గుడ్డు పెట్టాలంటే మాత్రం జిల్లేడో, దుష్టపు తీగో, ఆ కుటుంబానికే చెందిన ఇంకో పాల మొక్కో కావాలి, మీ గులాబీలూ బంతులూ అందుకు పనికిరావు.

తల్లి సాధారణంగా ఆకు అడుగున ఒక్కటే గుడ్డు పెడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పురుగు బయటికొచ్చి ముందు ఆ గుడ్డు పెంకునే తింటుంది. నలుపు తెలుపు చారలు, పసుపు చుక్కలు, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ములు, చాలా అందంగా ఉంటుంది, దాన్ని చూసి మందు కొట్టేవాళ్ళుంటే నాకు నిజంగా బాధేస్తుంది. జిల్లేడు పాలు జిగురు కదా, అవి నోటికి అంటుకోకుండా ముందు ఆకు ఈనెను కొరికి పాలు కారిపోనిచ్చి, ఆ తర్వాత తింటుంది. ఆ పాలల్లో గుండెను దెబ్బతీసే విషం ఉంది. పురుగు దాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది ఉంటుంది కాబట్టి ఒకసారి నోట పెట్టుకున్న పక్షి మళ్ళీ దాని జోలికి పోదు. అంత తాపీగా ఎగరడం అందుకే.

ఇంకో వింత ఉంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే సీతాకోకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ లాగే ఉంటుంది, దాని దగ్గర ఆ విషం లేకపోయినా ఈ వేషంతోనే బతికిపోతుంది. మగది మాత్రం నల్లగా, తెల్ల మచ్చలతో వేరేగా ఉంటుంది. దాని పురుగులు మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర తింటాయి. అంటే కలుపని పీకేసేది కూడా ఎవరికో తిండే.

మళ్ళీ ప్లెయిన్ టైగర్ దగ్గరికి వద్దాం. రెండు వారాలు అటూఇటూగా తిని, దాని పురుగు తలకిందులుగా వేలాడి ప్యూపా, అంటే సీతాకోకగా మారే గూడు, అవుతుంది, ఆకుపచ్చగానో లేత గులాబీగానో. ఇంకో వారం పది రోజులకు సీతాకోక. మొత్తం నెల రోజుల లోపే, వేడి ఎక్కువుంటే ఇంకా తొందరగా.

వినాయక చవితి పత్రిలో, రథసప్తమి స్నానానికి మనకు జిల్లేడు కావాలి కదా. తోట మూలన రెండు పొదలు, కంచె మీద ఒక దుష్టపు తీగ ఉంచండి, వాటి దగ్గర మందు కొట్టకండి. ఇప్పుడు గేటు పక్కకి వెళ్ళి ఆకులు తిప్పి చూద్దాం, పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లల చేతులు తర్వాత సబ్బుతో కడిగించండి.