అడిగింది పంపాలి

(బరంపురం, 12 అక్టోబరు 2025. పై-లిన్ తుఫాను రోజును గుర్తు చేసుకుంటూ జరిగిన తెలుగువారి సభలో ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, పర్లాకిమిడి నుంచి వచ్చిన మాస్టార్లకి, ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా చుట్టపక్కాలకి పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది. ఇచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం.

నాకిచ్చిన విషయం ‘ఆపదలో ఉన్న దేశాలకు భారతదేశం వైద్య సాయం’. నేపాల్, శ్రీలంక, టర్కీ, మయన్మార్ అని కాగితం మీద వరసగా రాసుకొచ్చాను. ఆ వరసలో చెప్పగలనో లేదో. ఈ రోజు తారీఖు అలాంటిది. 2013లో ఇదే రోజు రాత్రి పై-లిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ముందుగానే దాదాపు పది లక్షల మందిని ఖాళీ చేయించబట్టి చావులు పదుల్లో ఆగాయి. 1999లో అలా ఆగలేదు. ఆ అక్టోబరు 17న మన గంజాం తీరాన్ని ఒక తుఫాను ఊడ్చింది. పన్నెండు రోజులు తిరక్కుండా పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. దగ్గర దగ్గర పదివేల మంది పోయారు. సాయం కోసం చెయ్యి చాచిన నేల మనది. కాబట్టి సాయం చేసే దేశం గురించి మాట్లాడమంటే, పుచ్చుకున్నవాళ్ల వైపు నిలబడి మాట్లాడడమే నాకు న్యాయంగా తోస్తుంది.

మయన్మార్‌తో మొదలుపెడతాను. మా నాయనమ్మ కాలంలో అది ‘రంగం’. ఈ గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడలెక్కి ఎన్ని గంజాం, శ్రీకాకుళం కుటుంబాలు రంగం వెళ్లాయి! రేవుల్లో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో ఒళ్లు వంచారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అరకాన్ దారిన, మణిపూర్ దారిన కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. మా ఇంటి నుంచి వెళ్లినవాళ్లలో ఒకాయన తిరిగి రాలేదు. ఈ హాల్లో ఇంకా ఎన్ని ఇళ్లలో అలాంటి కథ ఉందో మీకే తెలుసు. ఈ ఏడాది మార్చి 28న మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. మర్నాటికల్లా మన విమానం సామాను తీసుకుని యాంగోన్‌లో దిగింది. ఆ వెంటనే ఆగ్రా నుంచి సైన్యం వాళ్ల ఫీల్డ్ ఆసుపత్రి 118 మందితో వెళ్లి మాండలేలో గుడారాలు వేసి ఆపరేషన్లు చేసింది. టీవీలో ఆ గుడారాలు చూస్తుంటే, మనవాళ్లకి అన్నం పెట్టిన ఊరికి ఇన్నాళ్లకు బాకీ తీరుతున్నట్టు అనిపించింది నాకు.

ఆ దళం పేరు 60 పారా. దాని కథ ఒకటి చెప్పందే నేను ముందుకు వెళ్లలేను. కొందరు ఇదివరకే నా నోట విన్నారు, మళ్లీ వినండి.

1950లో కొరియా యుద్ధం. మనకి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లు. యుద్ధం చేసే సైన్యాన్ని మన దేశం పంపలేదు, వైద్య దళాన్ని పంపింది. 60 పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్. నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్. డిసెంబరు చలిలో వీళ్లు ప్యాంగ్యాంగ్‌లో ఉండగా చైనా సేనలు మీదికొచ్చాయి. అందరూ వెనక్కి పొమ్మన్నారు. లారీలు లేవు. సామాను అక్కడే పారేస్తే మనుషులు తేలిగ్గా బయటపడొచ్చు. వాళ్లు పారెయ్యలేదు. ఎక్కడో ఒక ఆవిరి ఇంజను, కొన్ని రైలు పెట్టెలు దొరికాయి. ఇంజను నడపడం తెలిసినవాళ్లు దళంలోనే ఉన్నారు. మందులు, పరికరాలు అన్నీ ఎక్కించుకుని రైలు తామే నడుపుకుంటూ దక్షిణానికి వచ్చేశారు. వాళ్లు నది దాటాక వంతెన పేల్చేశారు. తర్వాతి మార్చిలో అమెరికా పారాట్రూపర్లతో పాటు మున్సాన్ దగ్గర పారాచూట్లతో దూకారు, దెబ్బతిన్నవాళ్లకి కట్లు కట్టడానికి. రంగరాజ్‌కి మహావీర చక్ర వచ్చింది.

అందరూ ఆ దూకడం గురించి చెప్తారు. నాకు ఆ రైలే గొప్ప. స్టోర్ తాళాలు నడుముకి కట్టుకుని ఉద్యోగం చేసినవాణ్ణి. మందు లేని డాక్టరు తుఫాను ఊళ్లో ఇంకో ఆకలి కడుపు మాత్రమే. తన మందు, తన గుడారం, తన తిండి తనే మోసుకుని వెళ్లిన దళమే దళం.

టర్కీలోనూ అంతే. 2023 ఫిబ్రవరి 6 భూకంపం తర్వాత ఇదే 60 పారా, 99 మంది, ఇస్కెందెరున్‌లో 30 పడకల ఆసుపత్రి పెట్టారు. ఎక్స్‌రే, వెంటిలేటర్లు, ఆక్సిజన్ తయారుచేసే యంత్రం, అన్నీ వెంట తెచ్చుకున్నవే. రెండు వారాల లోపే వేల మందిని చూశారు. మన జాతీయ విపత్తు సహాయ దళం ఎన్.డి.ఆర్.ఎఫ్. కుక్కలు జూలీ, రోమియో వాసన పట్టబట్టి ఆరేళ్ల పాప శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటికి వచ్చింది.

ఈ మే నెలలో పాకిస్తాన్‌తో పోరు జరిగినప్పుడు టర్కీ ఆ దేశం పక్షాన నిలిచింది. మన ఫోన్ల నిండా ఒకటే మెసేజి: పాముకి పాలు పోశాం, అని. కోపం నాకూ వచ్చింది, అక్కడి ప్రభుత్వం మీద. కానీ కాలు నుజ్జయి మన గుడారంలోకి వచ్చిన ముసలమ్మ మీద ఏం కోపం? ఆవిడ్ని ముందు మీ విదేశాంగ విధానం ఏంటని అడిగి, తర్వాత కట్టు కట్టాలా? సాయాన్ని అప్పు పద్దులో రాయడం మొదలుపెడితే మన బాకీలూ చూసుకోవాలి. 2021 జనవరిలో భూటాన్, మాల్దీవులతో మొదలుపెట్టి ఎన్నో దేశాలకి టీకాలు పంపాం. ఏప్రిల్ వచ్చేసరికి మనకే ఆక్సిజన్ లేదు. అప్పుడు నలభైకి పైగా దేశాలు మనకి సిలిండర్లు, కాన్సన్‌ట్రేటర్లు పంపాయి. కెన్యా 12 టన్నుల టీ, కాఫీ, వేరుశెనగ గింజలు పంపింది, కోవిడ్ డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం. సోషల్ మీడియాలో కొందరు నవ్వారు. వాళ్లెవరూ నైట్ డ్యూటీ చేసి ఉండరు. తెల్లవారుజామున నాలుగింటికి వేడి టీ చేతికిస్తే ఎలా ఉంటుందో ఏ నర్సమ్మనైనా అడగండి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలని వచ్చింది చెప్తాను. టైము అయిపోతే అధ్యక్షులవారు క్షమించాలి.

1999లో నేను స్టోర్‌లో ఉన్నాను. ఏ ఆసుపత్రో, ఎవరు పంపారో పేర్లు చెప్పను, ఇప్పుడు వాటితో పని లేదు. మేము ఇండెంటు పంపింది ఆర్.ఎల్. సెలైన్, ఓ.ఆర్.ఎస్., టి.టి. ఇంజెక్షన్లు, బ్లీచింగ్ పౌడరు, నీళ్లు శుద్ధిచేసే హాలోజన్ మాత్రలు, పాము విషానికి ఏ.ఎస్.వి. వచ్చింది లారీ నిండా అట్టపెట్టెలు, లారీకి బ్యానరు. ఫొటోలు తీసుకున్నారు, వెళ్లారు. పెట్టెలు విప్పాను. దగ్గు మందు సీసాలు పగిలి, పాకం కారి, లేబుళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. సగం వాడిన స్ట్రిప్పులు రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టారు. ఎక్స్‌పైరీ ఉండే కొస కత్తిరించేసి ఉంది. డాక్టర్లకిచ్చే శాంపిళ్లు, ‘నాట్ ఫర్ సేల్’ అచ్చుతో సహా. టానిక్కులు. ఏ భాషో తెలియని అక్షరాలతో మాత్రలు. ఇద్దరు అటెండర్లు, నేను, లాంతరు పెట్టుకుని రాత్రంతా వేరుచేశాం.

ఆ రోజుల్లోనే ఒక తండ్రి నడుంలోతు నీళ్లలో పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చాడు. కట్లపాము కరిచింది. తుఫాను నీళ్లకి పాములు ఇళ్లలో చేరతాయి, మీకు తెలియనిది కాదు. ఏ.ఎస్.వి. వయల్స్ అయిపోయాయి. స్టోర్‌లో కాలు పెట్టే చోటు లేదు, అన్ని మందులున్నాయి. వాడికి పనికొచ్చేది ఒక్కటి లేదు. పెద్దాసుపత్రికి పంపాం. దారిలోనే పోయాడు.

ఆ పెట్టెల్లో వచ్చిన గడువు తీరిన మందుల్ని నెలల తరబడి రిజిస్టర్లో ఎక్కించి, కమిటీ వేయించి, సంతకాలు పెట్టించి గొయ్యి తీసి పూడ్చాం. ఆ పని చేసిన గంటలన్నీ రోగుల దగ్గర గడపాల్సిన గంటలు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. 1988లో ఆర్మేనియా భూకంపానికి ప్రపంచమంతా కలిసి 5,000 టన్నుల మందులూ వైద్య సామగ్రీ పంపింది. అందులో ఏముందో తేల్చడానికి యాభై మందికి ఆరు నెలలు పట్టింది. నూటికి ఎనిమిది వంతులు చేరేసరికే గడువు తీరినవి. నాలుగు వంతులు మంచుకి పాడయ్యాయి. మిగిలినవాటిలో తేలిగ్గా గుర్తుపట్టగలిగినవి నూటికి ముప్పై. ఇలాంటివి చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో నియమాలు పెట్టింది, 1999లో సవరించింది. పుచ్చుకునేవాళ్లు అడిగిందే పంపాలి. చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలి. అక్కడి వైద్యులు చదవగలిగే భాషలో, జనరిక్ పేరుతో లేబులు ఉండాలి. రోగులు వాడగా మిగిలినవి, శాంపిళ్లు పంపకూడదు.

మన దేశం ఇప్పుడు ఇది నేర్చుకుంటోంది, అందుకు నాకు సంతోషంగా ఉంది. 2024 ఆగస్టులో ఉక్రెయిన్‌కి ఇచ్చిన నాలుగు భీష్మ్ క్యూబులు, అంటే అత్యవసర వైద్యానికి సర్దిన పెట్టెలు, అలాంటివే. ఒక్కో క్యూబులో సుమారు రెండు వందల మంది క్షతగాత్రులకి సరిపడా సామాను విడివిడిగా సర్ది ఉంటుంది. విప్పినవాడు వెతుక్కోనక్కర్లేదు. ఈ ఆగస్టు 31న అఫ్ఘానిస్తాన్‌లో కూనార్ భూకంపం వచ్చినప్పుడు మనవాళ్లు ముందుగా పంపినవాటిలో వెయ్యి గుడారాలున్నాయి. మట్టి ఇళ్లు కూలినచోట కావాల్సింది అదే కదా.

మరి మనం? గుమ్మం దగ్గర మన కుర్రాళ్లు ఒక పెట్టె పెట్టారు. ‘ఇంట్లో మిగిలిన మందులు ఇవ్వండి, తుఫాను బాధితులకు పంపుతాం’ అని రాశారు. వస్తూ మూత తీసి చూశాను. బీపీ మాత్రలు సగం స్ట్రిప్పు, పిల్లల యాంటీబయాటిక్ సీసా, సీలు ఊడింది. నాయనా, మీ మనసు బంగారం, అందులో నాకు అనుమానం లేదు. అమ్మలూ, మీరూ ప్రేమతోనే వేశారు. కానీ ఆ పెట్టె ఎక్కడికీ వెళ్లకూడదు. ఏ స్టోర్‌లోనో నాలాంటివాడు దాన్ని రాత్రంతా ఏరాలి.

దాని బదులు చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. డబ్బు ఇవ్వండి. ఎవరికిచ్చారో రసీదు అడగండి. రక్తం గ్రూపుల జాబితా వీధివారీగా రాసి పెట్టండి, ఫోన్ నంబర్లతో. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే దగ్గర్లోని ఆసుపత్రి స్టోర్‌కి వెళ్లి ‘ఏం తక్కువుంది?’ అని అడగండి. ఓ.ఆర్.ఎస్. అంటే ఓ.ఆర్.ఎస్. కొనండి, బ్లీచింగ్ అంటే బ్లీచింగ్. చెప్పింది చెప్పినట్టు, బిల్లుతో, సీలుతో.

సెక్రటరీ బాబూ, సాయంత్రం ఆ పెట్టె మా ఇంటికి పంపించండి, ఏది ఎలా పారెయ్యాలో నేను చూసుకుంటాను. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో స్టాకు రాయడం, గడువు చూడడం, పెట్టె సర్దడం నేర్పుతాను. పది మంది చాలు. ఎవరొస్తారు? చేతులెత్తండి. ఆ వెనక వరసలో పచ్చ చున్నీ అమ్మా, నువ్వేనా? ముందుకి వచ్చి పేరు రాయించమ్మా.