ఐసులో చేప ఎందుకు నిలుస్తుంది? అణువుల ఢీల లెక్క

[దృశ్యం: కళింగపట్నం తీరం, తెల్లవారుజాము. థర్మాకోల్ పెట్టెలో ఒక వరుస ఐసు, ఒక వరుస వంజరం.]

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో, వేట నుంచి తిరిగొచ్చిన పడవల దగ్గర ఉన్నాం. ఎండెక్కక ముందే చేప మీద ఐసు పడాలి. బయట వదిలేస్తే మధ్యాహ్నానికే వాసన వస్తుంది. ఐసులో అయితే రోజుల తరబడి నిలుస్తుంది. చేపను పాడుచేసేవి సూక్ష్మజీవులు, ఎంజైములు. అవి చేసేదంతా రసాయన చర్యే. మరి చలికి ఆ చర్య అంతగా ఎందుకు మందగిస్తుంది?

అణువులు చర్య జరపాలంటే ముందు ఢీకొనాలి. మాక్స్ ట్రౌట్జ్ 1916లో, విలియం లూయిస్ 1918లో ఎవరికి వారుగా చెప్పిన అభిఘాత సిద్ధాంతం ఇదే. "చల్లబడితే ఢీలు తగ్గుతాయి, కాబట్టి వేగం తగ్గుతుంది" అని పిల్లలు పరీక్షల్లో రాస్తారు. తప్పు కాదు, కానీ అసలు సంగతి అందులో లేదు.

[తెరపై: అంకెలు ఒక్కొక్కటిగా.]

లెక్క సులువుగా ఉండటానికి వాయువును తీసుకుందాం. మామూలు గాలిలో ఒక్కో అణువు సెకనుకు వందల కోట్ల సార్లు పక్కవాటిని ఢీకొంటుంది. మూసిన పాత్రలోని వాయువును 30 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ ఢీలు తగ్గేది దాదాపు 5 శాతమే! అంత చిన్న తగ్గుదల ఏ మూలకు?

పాత బంధాలు తెగాలంటే ఢీలో కనీసం ఇంత శక్తి ఉండాలనే హద్దు ఒకటుంది. అదే ఉత్తేజన శక్తి. ఒక చర్యకు అది మోలుకు (అణువులను లెక్కపెట్టే పెద్ద కొలతకు) 50 కిలోజౌళ్లు అనుకోండి. 30 డిగ్రీల దగ్గర 100 కోట్ల ఢీలలో హద్దు దాటేవి రెండో మూడో. మిగతావన్నీ తగిలి వెనక్కి మళ్లేవే. 0 డిగ్రీల దగ్గర ఆ రెండు మూడు కోసం దాదాపు 900 కోట్ల ఢీలు జరగాలి. అందుకే చర్యావేగం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ఎంజైములు ఈ హద్దును కిందికి దించుతాయి. కాబట్టే ఐసులోనూ చేప మెల్లగా పాడవుతూనే ఉంటుంది.

[దృశ్యం: యానిమేషన్. నైట్రిక్ ఆక్సైడ్, ఓజోన్ అణువులు.]

శక్తి ఉన్నా చాలదు, తగిలే వైపు కూడా కుదరాలి. నైట్రిక్ ఆక్సైడ్‌లోని నైట్రోజన్ కొస ఓజోన్ చివరి ఆక్సిజన్‌కు తగిలితే నైట్రోజన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. ఆక్సిజన్ కొస తగిలితే ఆ ఢీ వృథా. చాలా చర్యల్లో ఢీలను మాత్రమే లెక్కకట్టి చెప్పిన వేగం కంటే ప్రయోగంలో కొలిచిన వేగం తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.