పెట్టెలో ఏముంది?

శ్రోతలందరికీ నమస్కారమండి. 2023 సెప్టెంబర్ చివర్లో మన విశాఖ వైఎంసీఏ బీచ్‌కి ఓ పెద్ద చెక్క పెట్టె కొట్టుకొచ్చింది, గుర్తుందా? కబురు తెలియగానే నేనూ పరిగెత్తా, చుట్టూ జనం, పోలీసులు, పక్కన ఒకాయన "బ్రిటిషోళ్ళ నాటిదంట బాబూ, లోపల ఏటుందో ఏటో" అంటున్నాడు, నిజం చెప్పాలంటే నాకూ గుండె దడదడలాడింది. పురావస్తు శాఖ వాళ్ళు కూడా వచ్చి చూశారు. తీరా జేసీబీతో విడగొడితే అది పెట్టే కాదు, దుంగలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన దిమ్మ, లోపల ఏదైనా దాచడానికి చోటే లేదు.

అప్పట్నుంచి నాకు ఇలాంటి మిస్టరీల్ని విడగొట్టి చూసే పుస్తకాలంటే పిచ్చి పట్టుకుంది. "ఎలా జరిగింది" అని అడిగే ముందు "అసలు జరిగిందా" అని అడిగేవన్నమాట, ఆ ప్రశ్న మనం ఎందుకో అడగం.

అట్లాంటిక్ సముద్రంలో ఉన్న బెర్ముడా ట్రయాంగిల్ తీసుకోండి, అక్కడ ఓడలూ విమానాలూ మాయమైపోతాయని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. లారెన్స్ కుషే అని అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ లైబ్రేరియన్ ఒకాయన, ఏ ఓడ గురించి చెప్తే ఆ ఓడ పోయిన రోజుల నాటి పేపర్లు, వాతావరణ రిపోర్టులు, ఎంక్వైరీ ఫైళ్ళు తెప్పించుకుని ఓపిగ్గా చదివి 1975లో పుస్తకం వేశాడు. సముద్రం ప్రశాంతంగా ఉందని కథల్లో రాసిన చోట పాత పేపర్లో తుఫాను వార్త ఉంది. 1902లో ఫ్రెయా అనే ఓడని సిబ్బంది వదిలేశారు, అదీ ఆ ట్రయాంగిల్ లెక్కలోనే వేశారు, కానీ అది జరిగింది మెక్సికోకి పడమటి వైపు, పసిఫిక్‌లో! మన బంగాళాఖాతంలో పోయిన బోటుని తీసుకెళ్ళి అరేబియా సముద్రం ఖాతాలో రాసినట్టు.

నాకు మటుకు అన్నిటికన్నా మేరీ సెలెస్ట్ కథ మనసులోంచి పోదు. 1872 డిసెంబర్‌లో అట్లాంటిక్‌లో మనుషుల్లేకుండా తెరచాపలతో తేలుతూ కనిపించిన ఓడ. టేబుల్ మీద టీ ఇంకా వేడిగా ఉందని, పడవలన్నీ ఓడకే ఉన్నాయని మనకి చెప్తారు. జిబ్రాల్టర్ కోర్టులో ఆ ఓడ ఎక్కి చూసినవాళ్ళు చెప్పిన దాంట్లో వేడి టీ లేదు, టేబుల్ మీద తిండీ లేదు, ఓడకున్న చిన్న పడవ కూడా లేదు. పడవలు చెక్కుచెదరకుండా ఉన్నట్టు రాసింది 1884లో కానన్ డాయిల్, అదే షెర్లాక్ హోమ్స్ కథల రచయిత, అది కల్పిత కథ, అయినా జనం నోట్లో అదే నిలిచిపోయింది. చూడండి, పడవ లేదు అన్న ఒక్క మాటతో కథే మారిపోతుంది, వాళ్ళు గాల్లో కలిసిపోలేదు, దేనికో భయపడి దిగిపోయారు. ఓడలో 1701 పీపాల ఆల్కహాల్ ఉంది, తర్వాత చూస్తే తొమ్మిది ఖాళీ, ఆవిరి లేచి ఓడ పేలిపోతుందని భయపడి ఉంటారని కొందరు అంటారు. నాకూ అదే నమ్మబుద్ధవుతుంది, రుజువు మాత్రం లేదు.

కెప్టెన్ బ్రిగ్స్, ఆయన భార్య సారా, రెండేళ్ళ పాప సోఫియా, ఏడుగురు సిబ్బంది, మొత్తం పదిమంది. దెయ్యం కథగా విన్నన్నాళ్ళూ నాకు ఆ పాప పేరు కూడా తెలీదు. వాళ్ళెక్కిన పడవ ఇప్పటికీ దొరకలేదు.