ప్రోస్టేట్ వాపు అనుమానమా? వీడియో కాల్‌లో డాక్టర్‌తో ఇలా మాట్లాడండి

(యాంకర్ నేరుగా కెమెరాలోకి చూస్తూ)

నమస్తే అండీ. ఈ వీడియో ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న మగవాళ్ల కోసం. మూత్రం పోసేటప్పుడు కొద్దిగా మంట, పొత్తికడుపులో బరువు, కాసేపు కూర్చుంటే వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉండే చోట గుంజుతున్నట్టు నొప్పి, వీర్యం పడ్డాక ఇంకాస్త ఎక్కువవడం... ఇవి వారాల తరబడి ఉన్నా ఇంట్లో చెప్పలేక, ఆసుపత్రి రిసెప్షన్‌లో నలుగురి ముందు "ఏం ప్రాబ్లం?" అని అడిగితే జవాబివ్వలేక, మెడికల్ షాపులో ఏదో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగేసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లకి వీడియో కాల్‌లో డాక్టర్‌ని కలవడం నిజంగా మంచి దారి. కాకపోతే కాల్‌లో ఏం తేలుతుంది, ఏం తేలదు అన్నది ముందే తెలిసి ఉండాలి.

(బొమ్మ: మూత్రాశయం, దాని కింద ప్రోస్టేట్, మధ్యలోంచి మూత్రనాళం)

ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో సుమారు 20 గ్రాములు ఉంటుంది. వీర్యంలో కొంత ద్రవం ఇక్కడి నుంచే వస్తుంది. ప్రోస్టేట్ అనగానే ముసలివాళ్ల జబ్బు అనుకుంటాం కానీ, దీనికి వచ్చే వాపు, అంటే ప్రోస్టేటైటిస్, 50 ఏళ్ల లోపు మగవాళ్లని యూరాలజిస్ట్ (మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్) దగ్గరికి నడిపించే ముఖ్య కారణాల్లో ఒకటి.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ దీన్ని నాలుగు రకాలుగా విడదీసింది, ఇప్పటికీ డాక్టర్లు అదే వాడతారు. మొదటిది హఠాత్తుగా బ్యాక్టీరియా వల్ల వచ్చేది, జ్వరంతో, వణుకుతో పడుకోబెట్టేస్తుంది. రెండోది బ్యాక్టీరియా లోపలే తిష్ఠ వేసి మళ్లీ మళ్లీ తిరగబెట్టేది. మూడోది దీర్ఘకాలిక కటి నొప్పి, అంటే పొత్తికడుపు కింది భాగంలో చాలాకాలం ఉండే నొప్పి, ఇందులో మామూలు పరీక్షల్లో బ్యాక్టీరియా దొరకదు. నాలుగోదానికి అసలు లక్షణాలే ఉండవు, వేరే దేనికో పరీక్ష చేస్తే బయటపడుతుంది. లక్షణాలతో వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా మూడో రకమే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే యాంటీబయాటిక్ విషయం అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

(స్క్రీన్ మీద ఖాళీ ప్రశ్నాపత్రం)

మూడో రకాన్ని ఒక రక్తపరీక్షతోనో ఒక స్కాన్‌తోనో తేల్చేయడం కుదరదు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, దేనితో పెరుగుతోంది, మూత్రం ఎలా వస్తోంది అని ఓపిగ్గా అడిగి రాబట్టాలి, తర్వాత పోలికలున్న మిగతా జబ్బులు కావని చూసుకోవాలి. ఆ అడిగే పని వీడియోలో చక్కగా జరుగుతుంది. ఎన్ఐహెచ్-సీపీఎస్ఐ అని దీనికోసమే తయారుచేసిన ప్రశ్నాపత్రం కూడా ఉంది. గడిచిన వారం గురించి 9 ప్రశ్నలు, మొత్తం 43 పాయింట్లు: నొప్పికి 21, మూత్రం ఇబ్బందికి 10, ఈ బాధ మీ రోజువారీ బతుకుని ఎంత పాడుచేస్తోంది అన్నదానికి 12. సాధారణంగా 14 దాకా ఉంటే తేలికపాటి అంటారు. ఇది జబ్బుని నిర్ధారించే పరీక్ష కాదు, బాధ ఎంతుందో కొలవడానికి మాత్రమే. చికిత్స మొదలయ్యాక ఈ స్కోరు 6 పాయింట్లు తగ్గితే నిజంగా మెరుగైనట్టు లెక్క. కాల్‌కి ముందే ఇంట్లో కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా నింపి పంపిస్తే ఉన్న ఆ పది పదిహేను నిమిషాలు అసలు విషయానికి మిగులుతాయి.

కాల్‌లో మాటలు ఎలా ఉంటే ఉపయోగమో ఒక ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం. రోజుకి పది గంటలు కుర్చీలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, 26 ఏళ్లు.

"సార్, కింద నొప్పిగా ఉంటోంది."
"కింద అంటే ఎక్కడ బాబూ? వృషణాల్లోనా, వాటి వెనకా?"
"వెనక సార్. కూర్చుంటే ఎక్కువ."
"ఎన్నాళ్ల నుంచి? జ్వరం వచ్చిందా?"
"రెండు నెలలు దాటింది. జ్వరం లేదు సార్."
"కొత్తగా ఎవరితోనైనా శారీరకంగా కలిశావా? కండోమ్ వాడావా? దాచాల్సిన పని లేదు, పరీక్షలు రాయడానికి అడుగుతున్నా."

ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది అబద్ధం చెప్పేస్తారు. దయచేసి చెప్పకండి. క్లమీడియా, గనేరియా లాంటి సెక్స్ ద్వారా అంటే ఇన్ఫెక్షన్లు మూత్రనాళంలో ఇలాంటి మంటే తెస్తాయి, వాటికి మూత్రం మొదటి ధారతో చేసే పరీక్ష వేరు, మందు వేరు, భాగస్వామికి కూడా చికిత్స కావాలి. గదిలో అమ్మానాన్నలు ఉంటే కాల్ టైమ్ మార్చుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంకో మాట: హస్తప్రయోగం వల్లే ఇదంతా వచ్చిందని, ధాతువు పోతోందని భయపెట్టి వేలకి వేలు గుంజే ప్రకటనలు గోడల మీదా యూట్యూబ్‌లోనూ కనిపిస్తూనే ఉంటాయి. హస్తప్రయోగం వల్ల ప్రోస్టేట్ పాడవదు. ఆ భయంతో కుర్రాళ్లు నిద్రపోలేక నలిగిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, పైగా టెన్షన్ పెరిగితే కటి కండరాలు బిగుసుకుని నొప్పి ఇంకా పెరుగుతుంది.

(స్క్రీన్ ఎరుపు రంగులోకి, అక్షరాలు పెద్దగా: వీడియో కాల్ వద్దు, ఆసుపత్రికి వెళ్లండి)

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటి, చలితో వణుకు వస్తుంటే, లేదా మూత్రం అసలు రాక పొత్తికడుపు ఉబ్బిపోతుంటే, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. అది మొదటి రకం కావచ్చు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకొచ్చు, నరంలోకి మందు ఎక్కించాల్సి రావచ్చు. ఒక వృషణంలో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే అది మెలిక పడి ఉండొచ్చు, సుమారు 6 గంటల్లోపు సరిచేయకపోతే ఆ వృషణం దక్కకపోవచ్చు. మూత్రంలో రక్తం, కాళ్లలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి ఉన్నా అంతే, నేరుగా వెళ్లాలి.

ఇవేవీ లేకపోయినా కెమెరాకి అందని పనులు కొన్ని ఉన్నాయి. పొట్ట నొక్కి చూడటం, వృషణాలు తడిమి చూడటం, మలద్వారం ద్వారా వేలితో ప్రోస్టేట్‌నీ కటి కండరాలనీ పరీక్షించడం. తేలికపాటి లక్షణాలున్న యువకుడికి ఇవి మొదటి రోజే జరగకపోవచ్చు. కానీ కొన్ని వారాల్లో తగ్గకపోతే మాత్రం డాక్టర్ నేరుగా చూడాల్సిందే. కొందరు మర్మాంగాల ఫోటోలు వాట్సాప్‌లో పంపేస్తుంటారు, ప్రోస్టేట్ లోపలుంటుంది కాబట్టి ఫోటోలో ఏమీ కనిపించదు, అడగకుండా పంపకండి.

(ల్యాబ్‌లో మూత్రం సీసా, దగ్గరగా)

పరీక్షల సంగతికొద్దాం. కాల్ తర్వాత డాక్టర్ సాధారణంగా ముందు మూత్ర పరీక్ష, యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) రాస్తారు, మీ ఊళ్లో ఏ మంచి ల్యాబ్ అయినా చేస్తుంది. సీసాలోకి పట్టేది మధ్య ధార: ముందు కొంచెం వదిలేసి, తర్వాతది పట్టాలి. వీలైతే రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ వేసుకున్నాక ఇస్తే బ్యాక్టీరియా ఉన్నా కనపడకుండా పోవచ్చు, అందుకే షాపులో కొని ముందే మింగొద్దని ఇంతగా మొత్తుకునేది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ప్రోస్టేట్‌లోకి బాగా చేరతాయి, బ్యాక్టీరియా రకమైతే వారాల తరబడి వాడాల్సి వస్తుంది. అవే మందులు అరుదుగా స్నాయువులని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీలని దెబ్బతీస్తాయి. పైగా మన దేశంలో ఈ ఇన్ఫెక్షన్లకి ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా చాలాచోట్ల వీటికి లొంగడం లేదు. మొదటి కాల్‌లో, జ్వరం లేని తేలికపాటి కేసులో, మూత్ర పరీక్ష మాటే లేకుండా నెల రోజుల యాంటీబయాటిక్ రాస్తే "కల్చర్ చేయించాలా సార్?" అని మర్యాదగా అడగండి, తప్పేం లేదు. పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష కూడా మీ అంతట మీరు చేయించుకోకండి, వాపు ఉన్నప్పుడు అది పెరగొచ్చు, అనవసరంగా క్యాన్సర్ భయం పట్టుకుంటుంది.

మన దేశంలో వీడియో కాల్ వైద్యానికి నియమాలున్నాయి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీద ఉండాలి. మీరూ పేరు, వయసు సరిగ్గా చెప్పాలి. ఫోన్‌లో తేలదనిపిస్తే నేరుగా రమ్మనే అధికారం డాక్టర్‌కి ఉంది, అలా అన్నారంటే తప్పించుకుంటున్నారని అనుకోకండి. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఈ-సంజీవని ఉచితం. అమెరికాలోనో జర్మనీలోనో చదువుకుంటూ ఇక్కడి డాక్టర్‌కి ఫోన్ చేసే తెలుగు కుర్రాళ్లకి ఒక మాట: ఈ మార్గదర్శకాలు దేశం బయటి సంప్రదింపులకు వర్తించవు, ఇక్కడి చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లుతుందని అనుకోవద్దు. మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లోనే మొదలుపెట్టండి.

(యాంకర్ కుర్చీలోంచి లేచి నిలబడతాడు)

కల్చర్‌లో ఏమీ రాకపోతే "ఏమీ లేదు పో" అని కాదు, మూడో రకం చికిత్స మొదలవుతుందన్నమాట. నొప్పి తగ్గించే మందులు, మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ లాంటివి డాక్టర్ ఇవ్వవచ్చు, ఇది మొదట్లో లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేయొచ్చు. గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, గంటకోసారి కుర్చీ వదిలి నడవడం, కాఫీతోనో మద్యంతోనో ఘాటు కూరలతోనో మంట పెరుగుతుంటే అవి తగ్గించడం. యూట్యూబ్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు మాత్రం మొదలుపెట్టకండి. అవి కండరాన్ని బిగించేవి, ఇక్కడ చాలామందికి కావలసింది వదులు చేయడం, అది ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవాలి. కాల్ పెట్టేసే ముందే తర్వాతి కాల్ తేదీ అడిగి రాసుకోండి, ఆ రోజుకి అదే ప్రశ్నాపత్రం మళ్లీ నింపి, పాత స్కోరు పక్కన పెట్టి చూపించండి.