కార్డు ఫార్మాట్ కొట్టే ముందు

అందరికీ నమస్కారం. కార్డులోంచి ట్యాబ్‌కు ఎక్కించిన రా ఫొటోలు కంప్యూటర్‌కు ఎందుకు సరిగ్గా రావో, అప్పుడు ఏం చేయాలో ఈరోజు మాట్లాడుకుందాం.

తిరుపతిలో కెమెరా పట్టినవాళ్లకు గంగమ్మ జాతర గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెల ఎండలో ఒళ్లంతా నామకొమ్ము పూసుకుని తెల్లగా బైరాగి వేషాలు వస్తాయి. ఇంకోరోజు బండ వేషం, ఒంటినిండా కుంకుమ. మరో రోజు తోటి వేషం, బొగ్గు పూత. రా ఫైల్ అంటే సెన్సార్ పట్టిన వెలుగును కెమెరా కుదించకుండా, దిద్దకుండా దాచే అసలు ఫైల్. అది ఎందుకు కావాలో అర్థం కావాలంటే ఈ వేషాలు చాలు.

బైరాగి వేషం మీద ఎండ పడితే జేపెగ్‌లో, అంటే కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫొటోలో, ఆ తెలుపంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. పూత ఎక్కడ ఎండి పగిలింది, చెమటకు ఎక్కడ కారింది, ఏదీ తెలియదు. తోటి వేషంలో బొగ్గు కింద ముఖం మడతలు నల్లగా కలిసిపోతాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384 మెట్లు. సెన్సార్ మీద పడిన వెలుగు పూర్తిగా కొట్టుకుపోకుండా ఉంటే చాలు, ఆ తెలుపులోంచి పగుళ్లను, ఆ నలుపులోంచి కళ్లను మళ్లీ బయటకు తీసుకోవచ్చు. అందుకే మనం రాలో తీస్తాం. ఫైల్ బరువు మోస్తాం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో కంప్రెస్ చేయని ఒక్కో ఫైల్ 40 ఎంబీ దాటుతుంది.

నాలుగేళ్ల కిందట బైరాగి వేషం రోజు నేను 412 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కార్డు ట్యాబ్‌కు పెట్టి అన్నీ ఎక్కించాను. తెర మీద అన్నీ కనిపించాయి. మరుసటి రోజుకు కార్డు ఖాళీ కావాలి కాబట్టి ఫార్మాట్ కొట్టేశాను. జాతర అయ్యాక ట్యాబ్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే వచ్చినవి 180. తర్వాత ఎర్రర్. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే ఆగింది. నా దగ్గర పని చేసే కుర్రాడు "అన్నా, సగం కూడా రాలేదన్నా, మిగతావి యాడికి పోయినాయి?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ వేషం వేసినవాళ్లు మళ్లీ సంవత్సరానికి గానీ వేయరు.

ఫొటోలు పోలేదు. ట్యాబ్‌లో చోటు మిగలడానికి ఒక సెట్టింగ్ నేనే ఎప్పుడో ఆన్ చేసి పెట్టుకున్నాను. అది అసలు ఫైళ్లను క్లౌడ్‌లోకి పంపి, ట్యాబ్‌లో చిన్న నకళ్లు మాత్రం ఉంచుకుంది. కేబుల్ పెట్టినప్పుడు కంప్యూటర్‌కు అందేది ట్యాబ్‌లో నిజంగా ఉన్న ఫైలే. మిగతావి క్లౌడ్ నుంచి ఒరిజినల్ రూపంలో దించుకోవడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికి అవి క్లౌడ్‌కు చేరి ఉండకపోతే నేను ఇక్కడ నిలబడి ఈ మాట చెప్పేవాణ్ని కాదు.

ఐప్యాడ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఫొటోస్ (కొత్త వెర్షన్లలో యాప్స్ కింద ఉంటుంది) తెరిచి రెండు చోట్ల చూడండి. ఒకటి, 'ఆప్టిమైజ్ ఐప్యాడ్ స్టోరేజ్' అని ఉంటే దాన్ని 'డౌన్‌లోడ్ అండ్ కీప్ ఒరిజినల్స్'కు మార్చండి. మార్చగానే అన్నీ వచ్చేయవు. వైఫై దగ్గర పెట్టి దిగేదాకా ఆగాలి, ట్యాబ్‌లో అంత చోటూ ఉండాలి. తలకోన లాంటి అడవిలో షూట్ ఉన్నప్పుడు సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, ముందే మార్చుకుని వెళ్లండి. రెండోది అదే పేజీలో కిందికి వెళ్తే 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' అని ఉంటుంది. అక్కడ 'ఆటోమేటిక్' ఉంటే ట్యాబ్ ఫొటోలను కంప్యూటర్‌కు అనువుగా మార్చి పంపాలని చూస్తుంది. విండోస్ కంప్యూటర్‌కు కాపీ చేస్తుంటే మధ్యలో 'డివైస్ పనిచేయడం లేదు' అనే అర్థం వచ్చే ఎర్రర్ వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. ఉన్న ఫైల్ ఉన్నట్టే వస్తుంది.

అసలు కంప్యూటర్‌లో ట్యాబే కనిపించకపోతే సంగతి వేరు. అప్పుడు సెట్టింగ్స్ జోలికి వెళ్లకముందు కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఛార్జ్ ఎక్కుతోంది కదా, కేబుల్ బాగానే ఉందని అనుకుంటాం. అది పొరపాటు. తర్వాత ట్యాబ్ లాక్ తీసి చూడండి. 'ట్రస్ట్ దిస్ కంప్యూటర్' అని అడుగుతుంది, ఒప్పుకుని పాస్‌కోడ్ కొట్టాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే మామూలుగా ఛార్జింగ్ మోడ్‌లోనే ఉంటుంది. పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి యూఎస్‌బీ దగ్గర 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి.

మెల్లగా వస్తోందంటే పాడైందని కాదు. పాత లైట్నింగ్ పిన్ను ఉన్న ఐప్యాడ్లలో చాలావాటికి, పదో తరం ఐప్యాడ్‌కు టైప్ సీ ఉన్నా కూడా, వేగం పాత యూఎస్‌బీ 2 అంతే. లెక్కకు సెకనుకు 60 ఎంబీ, చేతికి వచ్చేది ఇంకా తక్కువ. 400 ఫొటోలు, ఒక్కోటి 40 ఎంబీ అంటే 16 జీబీ. సెకనుకు 35 ఎంబీ వచ్చినా ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. అంతసేపూ ట్యాబ్ తెర ఆరిపోకుండా ఆటో లాక్ తీసేయండి. ఆగిపోయిందనుకుని కేబుల్ పీకేస్తే అప్పుడు వస్తాయి అసలు తిప్పలు.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. బొమ్మ కనిపించినంత మాత్రాన రా ఫైల్ వచ్చినట్టు కాదు. దాదాపు ప్రతి రా ఫైల్ లోపలా కెమెరా ఒక జేపెగ్ బొమ్మను కూడా దాచి పెడుతుంది. ట్యాబ్ చాలాసార్లు మనకు చూపేది దాన్నే. మండపంలో తలంబ్రాల ఫొటో పెళ్లికూతురి వాళ్లకు చూపిస్తాం, బ్రహ్మాండంగా ఉందంటారు. ఆ బొమ్మ చక్కగా ఉండగానే వెనక అసలు డేటా సగంలో తెగిపోయి ఉండవచ్చు. రా, జేపెగ్ రెండూ కలిపి తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఐప్యాడ్ ఆ జంటను ఒకే ఫొటోగా చూపిస్తుంది, అందులో రా ఉందో లేదో చూసి చెప్పలేం. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించిన బొమ్మే. ఎయిర్‌డ్రాప్‌లో, అంటే ఆపిల్ పరికరాల మధ్య కేబుల్ లేకుండా, మ్యాక్‌కు పంపేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కి 'ఆల్ ఫొటోస్ డేటా' ఆన్ చేయండి. కంప్యూటర్‌లో చేరిన ఫైల్ పేరు చివర చూడండి. కానన్ అయితే సీఆర్3 లేదా సీఆర్2, నికాన్ అయితే ఎన్ఈఎఫ్, సోనీ అయితే ఏఆర్‌డబ్ల్యూ ఉండాలి. జేపీజీ అని ఉంటే మీ చేతికొచ్చింది రా కాదు. కంప్రెస్ చేసిన రా అయినా సైజు 25, 30 ఎంబీ ఉండాల్సింది 6 ఎంబీ ఉన్నా అంతే.

పేరు, సైజు రెండూ సరిగ్గా ఉండి ఫైల్ తెరుచుకోకపోతే ఫైల్‌ను తిట్టుకోకండి. కొత్త కెమెరా, పాత సాఫ్ట్‌వేర్ అయి ఉండవచ్చు. సీఆర్3 వచ్చిందే 2018లో. అంతకుముందు సాఫ్ట్‌వేర్‌కు అదేమిటో తెలియదు. అప్‌డేట్ చేయండి. వీలు కాకపోతే అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో డీఎన్‌జీ అనే ఉమ్మడి రా ఫార్మాట్‌లోకి మార్చుకుంటే పాత సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకుంటుంది.

ఇంకోటి, చాలామందికి తెలియకుండా నష్టం చేసేది. కెమెరా ఫైల్ పేరులో నాలుగు అంకెలే ఉంటాయి. 9999 తర్వాత మళ్లీ 0001. ముహూర్తాల సీజన్‌లో వరుసగా పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఇది త్వరగానే వస్తుంది. పాత ఫోల్డర్‌లోనే కాపీ చేస్తే 'రీప్లేస్ చేయాలా' అని కంప్యూటర్ అడుగుతుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో అవునని నొక్కితే పోయిన నెల పెళ్లిలోని జీలకర్ర బెల్లం పోయినట్టే. షూట్‌కు ఒక ఫోల్డర్, పేరులో తేదీ. దీనికి మించిన ఉపాయం నాకు దొరకలేదు.

ఇప్పుడు నేను చేసేదేమిటంటే, ఫొటోస్‌లోకి ఎక్కించడమే తగ్గించాను. ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి, అంటే 2019 నుంచి, ఫైల్స్ యాప్‌లో కార్డు, బయటి డ్రైవ్ నేరుగా తెరుచుకుంటాయి. కార్డులోంచి ఫోల్డర్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఎస్ఎస్‌డీకి (బయట తగిలించుకునే డ్రైవ్) ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తాను. ఆ డ్రైవ్ మ్యాక్‌కైనా విండోస్‌కైనా తగిలించుకోవచ్చు. మధ్యలో ఎవరూ బొమ్మను మార్చరు. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కార్డుతో సరిచూస్తాను. మొదట్లో ఒకటి, మధ్యలో నాలుగైదు, చివర ఒకటి తెరిచి వంద శాతానికి జూమ్ చేసి చూస్తాను. బైరాగి వేషం భుజం మీద ఎండిన పూత పగుళ్లు కనిపించాలి. అవి కనిపించాకే కార్డు కెమెరాలో పెట్టి, కెమెరాలోనే ఫార్మాట్ కొడతాను.

మీలో కొందరు ట్యాబులు, కేబుళ్లు తెచ్చుకున్నారు. ఆ బల్ల మీద నా ల్యాప్‌టాప్ ఉంది. ఎవరికి ఎక్కడ ఆగిపోతోందో తగిలించండి, కేబుల్ దగ్గర నుంచి మొదలుపెట్టి కలిసి చూద్దాం.