పన్నెండు దాటితే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్

తెర మీద: మూత తీసిన డెస్క్‌టాప్ క్యాబినెట్. ఫ్యాను రెక్కల మీద, దాని కింది హీట్‌సింక్ మీద ఎర్రటి దుమ్ము.

నమస్కారమండి. ఈ ఎర్రగా కనిపిస్తున్నది తుప్పు అనుకునేరు, కారం. గుంటూరు మిరప యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో ఐదేళ్లుగా నడుస్తున్న కంప్యూటర్ ఇది. మూత తీయగానే నాకు వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి. ఆ ముక్క ఎడిటింగులో తీసేశాను, లేకపోతే ఈ వీడియో ఇంకో నిమిషం పెరిగేది.

మార్చి నెల, సీజను మంచి ఊపు మీద ఉంది. యార్డులోకి టిక్కీల, అంటే మిరపకాయల బస్తాల, లారీలు వస్తూనే ఉన్నాయి. ఆ కొట్లో గుమస్తాగారు ఫోన్ చేశారు. "అబ్బాయ్, దీనికేదో గాలి సోకింది. పట్టీ కొడుతుంటే దానంతట అదే ఆరిపోయి మళ్లీ లేస్తోంది. ఎదురుగా రైతు నిలబడి ఉంటాడు, నేను మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాలి" అన్నారు. పట్టీ అంటే సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క కాగితం.

అప్పటికే ఎవరో వచ్చి రెండుసార్లు ఫార్మాట్ కొట్టి వెళ్లారు. కొత్త ర్యామ్ కూడా వేశారు. అయినా రీస్టార్టులు ఆగలేదు. మన దగ్గర ఇదో అలవాటు, కంప్యూటర్‌కి ఏం వచ్చినా ముందు ఫార్మాట్. తలనొప్పికి గుండు కొట్టించినట్టు.

నేను ఒకటే అడిగాను. "బాబాయ్, ఏ టైములో అవుతోంది?"

"పొద్దున బానే ఉంటది. పన్నెండు దాటాక మొదలెడతది."

నాకు సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. మీ సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే మీరు కూడా ముందు రాసుకోవాల్సింది టైమే. ఆన్ చేసిన ఎంతసేపటికి అవుతోంది? ఏ పని చేస్తుంటే అవుతోంది? మధ్యాహ్నమా, రాత్రా? కరెంటు పోయి వచ్చినప్పుడా? గేమ్ పెట్టినప్పుడా? విండోస్ లోగో దగ్గరే తిరిగిపోతోందా? ఒక కాగితం మీద నాలుగు రోజులు రాయండి. గుమస్తాగారికీ అదే చెప్పాను. ఆయన నమ్మకంగా రాశారు కూడా. ఆ కాగితం సంగతి తర్వాత వస్తుంది.

కొట్టుకి వెళ్లాక విప్పకుండానే కాసేపు కూర్చుని చూశాను. పన్నెండున్నరకి ఆరిపోయింది. మళ్లీ లేచి, నల్లటి స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో వాక్యం పెట్టి ఆగింది. నేను చదివేలోపు గుమస్తాగారు కీబోర్డు మీద ఎఫ్ 1 నొక్కేశారు. "ఇది నొక్కితే పోద్దిలే" అన్నారు. రోజూ అదే చేస్తున్నారట. రెండోసారి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాను.

తెర మీద: నల్లటి స్క్రీన్ మీద ఒకే ఒక్క వాక్యం.

సీపీయూ ఓవర్ టెంపరేచర్ ఎర్రర్. అంటే ప్రాసెసర్ మాడిపోతోంది బాబూ అని మదర్‌బోర్డు రోజూ మొత్తుకుంటోంది. అన్ని బోర్డులూ ఇంత మర్యాదగా చెప్పవు. చెప్పేవాటిని మనం ఎఫ్ 1 నొక్కి నోరు మూయించేస్తాం.

అందుకే విప్పే ముందు ఓపిగ్గా చేయాల్సిన పనులు రెండున్నాయి. రెండింటికీ స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

ఒకటి, విండోస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేయడం. తట్టుకోలేని తప్పు జరిగితే విండోస్ నీలం స్క్రీన్ మీద అదేంటో చూపిస్తుంది, కానీ మీరు చదివేలోపు రీస్టార్ట్ చేసేస్తుంది. మీకు మాత్రం ఊరికే రీస్టార్ట్ అయినట్టు కనిపిస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రన్‌లో ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్ అని కొట్టండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర సెట్టింగ్స్, అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ పక్కన టిక్ తీసేయండి. ఇక నీలం స్క్రీన్ వస్తే అలాగే నిలబడుతుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. టిక్ తీసేశాక కూడా నీలం స్క్రీన్ లేకుండా టప్‌మని ఆరిపోతోందంటే అనుమానం విండోస్ మీద నుంచి వేడి మీదికి, కరెంటు మీదికి మళ్లించాలి.

ఇక్కడే ఇంకో మాట. జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా ఒక ఎంట్రీ ఉంటుంది. పవర్ అనే మాట చూడగానే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా, పోయిందని కొత్తది కొనేవాళ్లున్నారు. అది చెప్పేది అది కాదు. నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయకుండానే మళ్లీ ఆన్ చేశారు అని మాత్రమే దాని అర్థం. ఎందుకో దానికీ తెలియదు. దాని డీటెయిల్స్‌లోకి వెళ్లి బగ్‌చెక్ కోడ్ చూడండి. సున్నా ఉంటే నీలం స్క్రీన్ నమోదు కాకుండానే ఆగిపోయిందన్నమాట. సున్నా కాకుండా అంకె ఉంటే ఆ అంకెతో డ్రైవర్ వైపో, ర్యామ్ వైపో వెతకొచ్చు.

రెండోది, సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్ 2 గానీ నొక్కి బయాస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల పేజీలోకి వెళ్లి, అక్కడే అరగంట వదిలేయడం. బయాస్‌లో విండోస్ ఉండదు, వైరస్ ఉండదు. అక్కడ కూడా రీస్టార్ట్ అయితే ఫార్మాట్ కొట్టి లాభం లేదని తేలిపోయినట్టే. పైగా హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో ప్రాసెసర్ వేడి కూడా కనిపిస్తుంది. మామూలుగా అక్కడ 40, 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఇంకొంచెం ఎక్కువున్నా కంగారు పడను. ఈ కొట్లో ఏ పనీ చేయకుండానే 86 చూపించింది.

ఇప్పుడు పన్నెండు గంటల రహస్యం చెప్తాను. హీట్‌సింక్, ఫ్యాను చేసేది ప్రాసెసర్ వేడిని గదిలో గాలికి అప్పగించడం, అంతే. గది కన్నా చల్లగా అది చేయలేదు. పొద్దున గది 28 ఉన్నప్పుడు ప్రాసెసర్ 75 ఉందనుకోండి, మధ్యాహ్నం రేకుల కింద గది 40 అయితే అదే పనికి ప్రాసెసర్ కూడా సుమారు 87కి పోతుంది. చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలకి అటూ ఇటూ. దగ్గరికి రాగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, "సిస్టమ్ స్లో అయింది" అని మనం తిట్టుకునేది ఆ సమయంలోనే. అప్పటికీ తగ్గకపోతే ప్రాణం కాపాడుకోవడానికి కరెంటు తెగ్గొట్టేస్తాయి. శుభ్రంగా ఉన్న సిస్టమ్‌కి గుంటూరు ఎండ పెద్ద లెక్క కాదు. దుమ్ము పట్టినదానికి ఆ పన్నెండు డిగ్రీలే ఎక్కువైపోయాయి.

తెర మీద: బ్రష్‌తో, బ్లోయర్‌తో ఆరుబయట శుభ్రం చేయడం.

ప్లగ్ పీకేయండి. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. క్యాబినెట్‌ని బయటికి తీసుకెళ్లండి, మూతికి గుడ్డ కట్టుకోండి. నేను కట్టుకోలేదు, ఫలితం మీకు చెప్పాను. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి సరదాగానే ఉంటుంది గానీ బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని బయటి నుంచే ఊదండి, విప్పకండి. ప్లగ్ తీసినా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

దుమ్ము పోయాక కూడా బయాస్‌లో 70 చూపించింది. అప్పుడు హీట్‌సింక్‌ని వేలితో కదిపాను. కదిలింది! అది కదలకూడదు. ఇంటెల్‌తో వచ్చే ఈ గుండ్రటి కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. అందులో ఒకటి బోర్డు నుంచి లేచి ఉంది. ఒక మూల లేస్తే కూలర్ ప్రాసెసర్ మీద సరిగ్గా కూర్చోదు, వేడి పైకి ఎక్కదు.

కూలర్ తీసి చూస్తే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే లోపలి పేస్టు ఎండిపోయి పెచ్చులు లేస్తోంది, పాత గోడ సున్నంలాగా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిచాను. కొత్త పేస్టు మధ్యలో కందిగింజంత చాలు. కొందరు చపాతీకి నెయ్యి రాసినట్టు దట్టంగా పూస్తారు, వద్దు. తర్వాత పిన్నులు ఎదురెదురు మూలలుగా రెండేసి నొక్కాలి. ప్రతిదీ టక్‌మని వినిపించాలి. నాలుగు టక్‌లు వినకుండా మూత పెట్టకండి. కింద పిన్నులుండే పాత రకం ఏఎండీ ప్రాసెసర్ (ఏఎం4 దాకా) అయితే ఒక జాగ్రత్త: పేస్టు గట్టిపడి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి చేతికి వస్తుంది, పిన్నులు వంగుతాయి. తీసే ముందు సిస్టమ్‌ని కాసేపు నడిపి, వేడి మీద, అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా తీయండి.

మళ్లీ బయాస్‌లో చూశాం. 47. గుమస్తాగారు టీ తెప్పించారు. నేను హీరోలాగా ఇంటికొచ్చాను.

మూడో రోజు మళ్లీ ఫోన్. "అబ్బాయ్, మళ్లీ అయింది."

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. టైము అడగమని మీకు చెప్పి, నేనే అడగలేదు. ఎస్‌ఎంపీఎస్సే అయి ఉంటుందని సంచిలో కొత్తది పెట్టుకుని పోయాను. మల్టీమీటర్‌తో చూస్తే పసుపు వైరు 11.9 వోల్టులు, ఎరుపు 5.02. పసుపు వైరు 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే సరే. అయితే ఖాళీగా ఉన్నప్పుడు బాగా చూపించి, బరువు పడగానే జారిపోయేవి కూడా ఉంటాయి. గేమ్ పెట్టగానే మీ సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే నా మొదటి అనుమానం దాని మీదే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసి, క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే నమ్ముకుంటే అంతే.

ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను. రీసెట్ బటన్ వైరుని బోర్డు నుంచి పీకేశాను, ఎందుకంటే బటన్ లోపలికి ఇరుక్కుని తనంతట తాను నొక్కుకునే కేసులు నేను రెండు చూశాను. పైసా ఖర్చులేని పరీక్ష. బోర్డు మీద కెపాసిటర్ల, అంటే కరెంటు నిలవ చేసే చిన్న డబ్బీల, నెత్తులు చదునుగానే ఉన్నాయి. ఉబ్బి ఉంటే, కారినట్టు మరక ఉంటే బోర్డుకి వయసైపోయినట్టు.

ఏమీ దొరకలేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించి బిల్లు రాయబోతుంటే గుమస్తాగారు జేబులోంచి ఒక పట్టీ కాగితం తీశారు. వెనకవైపు పెన్సిల్‌తో రాసి ఉంది. మంగళవారం 3.10, కరెంటు పోయింది. బుధవారం 11.40, కరెంటు పోయింది. బుధవారం 6.05, కరెంటు పోయింది.

"మరి ఇన్వర్టర్ ఉందిగా బాబాయ్?"

"ఉందిగా. లైట్లు ఆరవు. ఇదొక్కటే ఆరుద్ది."

తెర మీద: ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్, క్లోజప్.

ఇదిగో, ఇదీ రెండో దొంగ. చాలా ఇన్వర్టర్లకి వెనక ఇలా ఒక స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు నార్మల్ అని గానీ ఎకో అని గానీ రాసి ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక్కో ఊపు 20 మిల్లీసెకన్లు. కరెంటు పోగానే ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్నదానితో కంప్యూటర్‌ని సుమారు 16 మిల్లీసెకన్లు నిలబెట్టేలా తయారుచేస్తారు. పాతబడేకొద్దీ అదీ తగ్గుతుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ దాదాపు 10 మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది, సరిపోతుంది. నార్మల్ మోడ్‌లో అంతకు రెండు మూడు రెట్లు పట్టొచ్చు. ఫ్యానుకీ బల్బుకీ ఆ తేడా తెలియదు. కంప్యూటర్‌కి అది చాలా పెద్ద చీకటి.

ఎవరు మార్చారంటే, వోల్టేజీ తక్కువున్నప్పుడు ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతోందని ఎలక్ట్రీషియనే మార్చాడట. అతని తప్పేమీ లేదు. యూపీఎస్ మోడ్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు, నార్మల్ మోడ్ ఒప్పుకుంటుంది. వోల్టేజీ మరీ తక్కువుండే చోట ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడం నయం.

ఇక్కడ వోల్టేజీ 220 పైనే ఉంది కాబట్టి స్విచ్ యూపీఎస్ వైపు మార్చాను. పాత ఎస్‌ఎంపీఎస్‌నే మళ్లీ బిగించి, పట్టీ ప్రోగ్రామ్ మూసేసి, మెయిన్ ఐదుసార్లు దించి ఎత్తాను. ఐదుసార్లూ లైట్లు ఒక్కసారి మినుకుమన్నాయి, కంప్యూటర్ కదల్లేదు. గుమస్తాగారు ఆరోసారి తనే దించి చూసుకున్నారు. తర్వాత అదే పట్టీ కాగితం తిప్పి, "దీన్ని ముట్టుకోవద్దు" అని రాసి స్విచ్ పక్కన అన్నం మెతుకులతో అంటించారు.